కడప బస్సెక్కిన నల్లబంతి

మైదుకూరులో కర్నూలు రోడ్డు మీద రాజ్యలక్ష్మమ్మకు బట్టల కొట్టుంది. కొట్టు పైన మేడలో పూల్ టేబుల్, మేడ మెట్ల కింద టీ బంకు. మూడూ ఆమెవే. అయితే టీ బంకు నడిచేది మాత్రం వేణుగోపాల్ నోటి మీదని ఊళ్ళో అనుకుంటారు. చీరల మూట స్కూటర్‌కు కట్టుకుని ఊళ్ళు తిరిగే ఆ నేతగాళ్ళ ఇంటి మనిషి బెంచీ మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడంటే, ఒక్క టీ తాగి పోదామని వచ్చినవాడు మూడు తాగి గానీ లేవడు.

ఆ శుక్రవారం ఆయన ఊరికే కబుర్లకు రాలేదు, పని మీద వచ్చాడు. ఆదివారం ప్రొద్దుటూరు వాళ్ళతో పూల్ పోటీ. నలుగురు కావాలి. ముగ్గురి పేర్లు ఖాయమయ్యాయి. నాలుగోవాడు ఇలియాస్ పోయిన నెల కువైట్ వెళ్ళిపోయాడు. రాజ్యలక్ష్మమ్మ జట్టు పేర్లు రాసే కాగితం, పెన్ను ఒళ్ళో పెట్టుకుని టీ బంకు ముందు కుర్చీలో కూర్చుంది. ఆ నాలుగో చోటు వేణుగోపాల్‌కు కావాలి. పన్నెండేళ్ళుగా ఆ మేడ మీద అందరి బంతులు కొట్టే కట్టెలకూ సుద్ద అందించాడు, అందరి గెలుపులకూ ముందుగా ఈల వేశాడు. ఒక్క పోటీకి కూడా ఆయన పేరు రాలేదు. నన్ను ఆడనివ్వండని నోరు తెరిచి అడగొచ్చు. అడగడమే ఆయనకు చేతకాదు. చెప్పడమైతే చేతనవును.

అందుకే కోడుమూరులో మంచంకోళ్ళూ ఉయ్యాలలూ చేసే బసమ్మ దగ్గర తన కొలతలకు ఒక కట్టె చేయించుకున్నాడు. గడ్డి దట్టించి గుడ్డ చుట్టి కుట్టేసిన ఆ మూట మంగళవారం బస్సులో వచ్చింది. తీరా చూస్తే మర్నాడు అమావాస్య. భార్య పద్మప్రియ అమావాస్య పోయిందాకా కొత్త వస్తువు విప్పేది లేదని చెప్పేసింది. శుక్రవారం పన్నెండు తర్వాత మంచి గడియలున్నాయని ఆయనే పంచాంగం చూసుకుని, కుట్టు విప్పని మూటను పెళ్ళికొడుకును తెచ్చినట్టు తెచ్చి బెంచీ మీద తన పక్కనే కూర్చోబెట్టాడు.

"చేతికొచ్చి నెలయ్యిందప్పా ఇది," అన్నాడు.

"నెలైతే ఇంకా కుట్టు విప్పలేదేమన్నా?" అన్నాడు శివకుమార్. మేడ మీద అందరికంటే బాగా ఆడేది అతనే, వేణుగోపాల్‌ను అందరికంటే ఎక్కువగా ఏడిపించేదీ అతనే.

"ఆడినాంక మల్ల కుట్టించి పెడతా. దిష్టి తగలగూడదు గదా! కట్టె అంటే మీరనుకునే కట్టె కాదప్పా. నల్లమలలో పిడుగు పడినా కాలని టేకు చెట్టొకటి ఉండాది, దాని నడుములో నుంచి తీసిన కట్టె. బసమ్మ నా చెయ్యి కొలిచింది, భుజం కొలిచింది, ఆఖరుకు నా ఊపిరి గూడా కొలిచింది."

"ఊపిరి ఎట్ల కొలిచిందన్నా?"

"దారంతో."

టీ గ్లాసులు కడుగుతున్న మనిషి చేతులు ఆపేశాడు. అది చూసి వేణుగోపాల్‌కు ఊపు వచ్చింది. రాజ్యలక్ష్మమ్మ వైపు ఓరగా చూశాడు. పెన్నుకు మూత ఇంకా అలాగే ఉంది.

"చేతికొచ్చిన మర్నాడే ఆళ్ళగడ్డ పోతి. మొదటి దెబ్బకు మూడు బంతులు పడినాయి. అది పెద్ద గొప్పేం కాదులే, మన శివకుమార్ గూడా కొడతాడు. రెండో దెబ్బకు మూడు. ఇంగ చాలని కట్టె టేబుల్ మీద పెట్టి టీ తాగుతాంటి. అది ఊరికే ఉంటాదా? దొర్లుకుంటా పోయి ఏడో బంతిని అదే కొట్టె."

"ఎవరు చూసినారన్నా?"

"ఇలియాస్ చూసినాడు."

"వాడు కువైట్లో ఉండాడు గదా!"

"చూసినాంకనే పోయినాడప్పా. ఇంగ ఈడ ఆడి లాభం లేదని."

బెంచీ అంతా నవ్వింది. రాజ్యలక్ష్మమ్మ కూడా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మిగిలింది నల్లబంతి. అది పడితే ఆట మనది. కొట్టినా. రవంత గట్టిగా తగిలినట్టుండాది, పాకెట్ కాడికి పోకుండా కిటికీలోంచి బయటికి పాయె. కింద కడప బస్సు నిలబడుంటే దాంట్లో పడె. బస్సు కదిలె. ఆళ్ళగడ్డోళ్ళు మా వంతొచ్చిందని లేసినారు. కూసోండప్పా అంటి. బంతి ఆగేదాకా ఎదుటోడు కట్టె ముట్టగూడదు, అది రూలు. బస్సులో బంతి దొర్లతాండాదో ఆగిందో మీరేమన్నా చూసొచ్చినారా అని అడిగితి. ఒక్కడు నోరెత్తితే ఒట్టు!"

"రూలైతే అంతేలే," అని శివకుమార్ ఒప్పుకోక తప్పలేదు.

"మద్యాన్నం అన్నం గూడా ఆడికే తెప్పించుకున్యారు పాపం. సాయంత్రం అదే బస్సు తిరిగొచ్చి మేడ కింద బ్రేకేసె. ఆ కుదుపుకు బంతి ఎగిరి, పోయిన కిటికీలోంచే లోపలికొచ్చి మూల పాకెట్లో పడె. వెనకాల్నే కండక్టరు మెట్లెక్కి వచ్చినాడు, ఎవురిదప్పా ఈ బంతి, అర టికెట్టు తీసుకోల్యా అని."

"రానుపోనా?" అన్నాడు టీ మనిషి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతూ.

"రానుపోనే!"

రాజ్యలక్ష్మమ్మ పెన్ను మూత తీసింది. వేణుగోపాల్ బెంచీ అంచుకు జరిగాడు. అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కానీ ఆపడం కూడా ఆయనకు చేతకాని పనే.

"ఆ తర్వాత ఏమయ్యిందో తెలుసునా? ఇంగొక్క ఆట అన్న్యారు. నాకు కోపమొచ్చె. అంతవరకు ఎడమ చేత్తో ఆడతాంటి, కుడి చేతికి మార్చితి. ఆ దెబ్బకు నల్లబంతి టేబుల్లో దిగి, మేడలో దిగి, కింద పరిచిన కడప బండలో దిగి భూమిలోకి పాయె. బండ పగల్లేదప్పా, గుండ్రంగా బొక్క పడె. బంతి దొరక్కపోతే ఆట తెగదు గదా, కట్టె పట్టుకోని దేవులాడుకుంటా పోతి. ఒక చేన్లో రైతొకాయప్ప తొమ్మిది బోర్లేసి, తొమ్మిదీ ఎండిపోతే గట్టు మీద తల పట్టుకోని కూసున్యాడు. ఆ చేన్లో కాలు పెడ్తానే కట్టె మొన కిందికి వంగె. ఈడ ఏయించప్పా అంటి."

"ఎన్నడుగులకు పడినాయి నీళ్ళు?" అని అడిగాడు చివర కూర్చున్న ఒక రైతు. నవ్వులాటకు అడగలేదు. ఆ నేలలో నీళ్ళ మాటను ఎవరూ నవ్వులాటకు అడగరు.

"ఎనభై అడుగులకే! తాటిచెట్టంత ఎత్తు లేసినాయి. ఆ నీళ్ళ మీద మిలమిలా మెరుస్తా మన నల్లబంతి! అట్నే గాల్లోనే ఆళ్ళగడ్డ దిక్కుకు తిరుక్కోని పాయె. మేము పోయి చూస్తే పాకెట్లో ఉండాది, ఇంకా తడారల్యా."

రైతు తెరిచిన నోరు మూయలేదు. రాజ్యలక్ష్మమ్మ పెన్ను కాగితం మీదికి వంచింది.

"శానా బాగా చెప్పినావు, వేణుగోపాలప్పా," అంది వెనక నుంచి ఒక ఆడగొంతు.

వెనక్కి తిరిగితే కోడుమూరు బసమ్మ. చంకలో అచ్చం అలాంటిదే ఇంకో మూట. ఎప్పుడొచ్చి నిలబడిందో గానీ, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటోంది.

"నిన్నట్నుంచి ఫోన్ చేస్తాండా. ఎప్పుడు చేసినా నువ్వు ఇంగెవురితోనో మాట్లాడతానే ఉంటావు. ఆ పొద్దు బస్సులకు రెండు మూటలేసినానప్పా, పేర్లు తారుమారయినాయి. నీది పోయి కోసిగి ఊర్లో రాజేశ్వరికి చేరింది. ఆయమ్మ దాన్ని పెరుగు కుండలో పెట్టి అరగంట తిప్పిందంట, వెన్న రాలేదని నన్ను తిట్టిపోసింది. పోయి తెచ్చి, కడిగి, మల్ల నూనె రుద్ది తెచ్చినా. ఆయమ్మ కవ్వం నీ పక్కన ఉండాది."

శివకుమార్ లేచి బెంచీ మీది మూట కుట్టు విప్పాడు. నాలుగు రెక్కలతో నిలువెత్తు కవ్వం బయటికొచ్చింది. ఆ నవ్వుకు రోడ్డు మీద పోయే ఆటో కూడా ఆగింది. రైతైతే బెంచీ దిగి నేల మీద కూలబడి నవ్వాడు. వేణుగోపాల్ సిగ్గుతో తల దించేసుకున్నాడు. పన్నెండేళ్ళ ఆశ ఒక కవ్వం పాలయిందని ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

బసమ్మ తన చంకలోని మూట విప్పింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సన్నగా, తిన్నగా, తేనె రంగులో ఉంది కట్టె. శివకుమార్ దాన్ని కంటి దగ్గర పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"వంకర్లేదన్నా," అన్నాడు మెల్లగా. "రవంత గూడా లేదు."

"అది నల్లమల చెట్టేం కాదు," అంది బసమ్మ. "మీ జేజినాయన మగ్గం కర్ర. నువ్వే గదప్పా తెచ్చిస్తివి. పట్టుకునే కాడ ఆ తాత చెయ్యానించి ఆనించి నున్నగా అరిగింది. దాన్ని మాత్రం చెక్కబుద్ధి కాలేదు, అట్నే పెట్టినా."

వేణుగోపాల్ కట్టె అందుకున్నాడు. అరిగిన చోట అరచెయ్యి సరిగ్గా కూర్చుంది. ఏదో చెప్పబోయాడు. చెప్పలేకపోయాడు. ఆయన మాట్లాడలేకపోవడం ఆ బంకు దగ్గర ఎవరూ ఎన్నడూ చూడలేదు.

రాజ్యలక్ష్మమ్మ కాగితం మీద పేరు రాసి, కింద గీత కూడా కొట్టింది.

"పన్నెండేండ్లుగా నువ్వు చెప్పేది వింటాండా వేణూ. ఒక్కసారన్నా చూడాలని ఉండాది. ఆదివారం పది గంటలకు ప్రొద్దుటూరోళ్ళతో మొదటి ఆట నీదే."

వేణుగోపాల్ ఆ కాగితం వంక చూశాడు. కట్టె వంక చూశాడు. మేడ మెట్ల వంక చూశాడు.

"అమ్మా," అన్నాడు చివరికి, "కొంచెం నీళ్ళియ్యమ్మా."