గోదావరికి చేరని బిళ్ళ

నా పేరు గారపాటి శ్యామలాంబ. భర్త కీర్తిశేషులు శివరామకృష్ణ. వయసు అరవై మూడేళ్ళు. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. నివాసం కొవ్వూరు. విమానం కూలడంలో తప్పంతా తనదేనని పైలట్ సుకుమార్ ఆసుపత్రిలో వాంగ్మూలం ఇచ్చాడని తెలిసి, నా అంతట నేనే స్టేషనుకు వచ్చి ఎస్సై పెద్దిరాజు గారి ముందు ఇది చెబుతున్నాను.

మా ఆయన విమానం నడపడం నేర్పేవారు. సుకుమార్ ఆయన శిష్యుడు. పెళ్ళయిన కొత్తలో ఆయన నన్ను కూర్చోబెట్టుకుని ఆకాశంలో పల్టీలు కొట్టించేవారు. ఆయన పోయాక ఇరవై రెండేళ్ళు నేను విమానం ముఖం చూడలేదు. పోయిన ఆదివారం సుకుమార్ తన రెండు సీట్ల విమానంతో రాజమండ్రి వచ్చి, "ఒక్కసారి ఎక్కుతారా అమ్మగారూ?" అని ఫోన్ చేశాడు. మా అమ్మాయి వద్దంది. వినలేదు సరికదా, దాని ప్యాంటూ చొక్కాయే వేసుకుని వెళ్ళాను.

ఎక్కేముందు సుకుమార్ నా జేబులు ఖాళీ చేయించాడు. తలకిందులైనప్పుడు పిన్నీసు జారినా ప్రమాదమే. అది పోయి విమానం నడిపే కర్ర అడుగున ఇరుక్కుంటే కర్ర కదలదు. ఇది మా ఆయన నాకు వందసార్లు చెప్పిన మాట. గాజులు, గొలుసు, కళ్ళజోడు తీసి ఇచ్చాను.

"ఇంకేం లేవు కదండీ?" అని మళ్ళీ అడిగాడు.

"లేవయ్యా! ఎన్నిసార్లు అడుగుతావు?" అని కసిరాను.

అప్పుడు నా గుప్పిట్లో అయిదు రూపాయల బిళ్ళ ఉంది. బిళ్ళ వేయకుండా నేను ఏనాడూ గోదావరి దాటలేదు. విమానానికి పైమూతగా ఉండే అద్దానికి చిన్న గాలి కిటికీ ఉంటుంది, అందులోంచి వేద్దామనుకున్నాను. ఇంత వయసొచ్చి ఆ మాత్రం బుద్ధి లేకపోయింది.

పదిన్నరకు గాల్లోకి లేచాం. నేను ముందు సీట్లో, అతను వెనక. ఇద్దరి ముందూ చెరో కర్ర ఉంటుంది, ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. అనుమతి ఉన్న చోటే, ఊళ్ళు లేని గోదావరి లంకల మీద పల్టీ కొట్టించాడు. మొదటిదానికి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. రెండోదానికి నవ్వొచ్చింది. ఆయన పోయాక నేను అంత గట్టిగా నవ్వలేదు. "ఇంకోటి" అని నేనే అడిగాను.

మూడోదాంట్లో నెత్తి వైపు గోదావరి వచ్చింది. కిటికీ కోసం చెయ్యి చాపాను. బిళ్ళ జారి అద్దానికి టంగుమని తగిలింది. విమానం తిన్నబడగానే సీటు కిందికి పోయింది.

"అమ్మగారూ, కర్ర పట్టుకున్నారేంటండీ? వదలండి!" అని అరిచాడు. చేతులు రెండూ పైకెత్తి చూపించాను. బిళ్ళ సంగతి అప్పుడూ దాచాను.

కర్ర సగమే కదులుతోంది. ఆ సగంతోనే ఇసుక తిన్నె మీద దించాడు. ప్రొపెల్లరు విరిగింది, అతని భుజం విరిగింది. నా ఒంటి మీద గీత కూడా పడలేదు. అతను ఒంటి చేత్తో నా బెల్టు విప్పుతుంటే అప్పుడు చెప్పాను. "ఎవరితోనూ అనకండి, నేను చూసుకుంటాను" అన్నాడు. ఆ బిళ్ళ తన జేబులోదేనని మీకు చెప్పాడు. అదే నిలిస్తే అతని లైసెన్సు పోతుంది. విమానం తప్ప అతనికి వేరే బతుకు లేదు. మా ఆయన నేర్పిన విద్య నా మూలాన మంటగలవడం నేను చూడలేను.

ఇంతవరకూ రాసింది చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. "పెద్దావిడ కదా, చేతిలో బిళ్ళ ఉన్నట్టు మర్చిపోయారని రాసుకోమంటారా అండీ?" అని ఎస్సై గారు దయతో అడిగారు. వద్దన్నాను. నేను మర్చిపోలేదు. అతను రెండుసార్లు అడిగాడు, నేను లేదన్నాను. ఇదే నిజమని సంతకం చేస్తున్నాను.

(సం) గారపాటి శ్యామలాంబ