మూడు నీళ్లు కడిగిన బొగ్గు

ఏంటే పిల్లా, ఆ బస్తాల్లో? బొగ్గా? ఎవరు పంపారు నిన్ను, మీ నాన్నా? ఎవరూ పంపలేదూ... ఊఁ. నాలుగు బస్తాలూ వాటంతటవే నడిచొచ్చాయన్నమాట. కూర్చో. ఆ స్టూలు కాదు, దాని కాలు కుంటిది. గోళ్ల నిండా మసి, అచ్చం మీ తాతవే. నువ్వు చూళ్లేదుగా ఆయన్ని. మీ నాన్నే అప్పటికి ముక్కు తుడుచుకోవడం రాని వెధవ. మీ తాతంటే మా ఆయన తమ్ముడు, నాకు మరిది. ఊళ్లో అందరూ మసిరాయుడు అనేవాళ్లు. ఎదురుగానే అనేవాళ్లు, నవ్వేవాడు. నవ్వేవాళ్లని నేను నమ్మను, అది వేరే సంగతి.

మా ఆయన పోయాక పొలం రెండు సగాలైంది, మధ్యలో గట్టు. మొగుడు పోయినదాని పొలం మీద అందరికీ ప్రేమే, ఏం చెప్పమంటావ్. ఎరువుల కొట్టువాడొచ్చి "అమ్మా, ఒక్కదానివి ఏం చేస్తావు" అంటాడు. కొట్టు నీది, నీకెందుకురా నా ఒంటరితనం? తరిమేశాను. మీ తాత మాత్రం ఆ మాట అన్లేదు. అనలేదు కాబట్టే నాకింకా అనుమానం. అనేవాడి కడుపులో ఏముందో తెలుస్తుంది, అననివాడిది ఎలా తెలుస్తుంది? నిజమా కాదా?

ఏం చేసేవాడంటే, గొయ్యి తవ్వి మొక్కజొన్న బెండ్లు పోసి పైనుంచి అంటించేవాడు. తెల్లబూడిద మొదలవుతుండగానే నీళ్లు కుమ్మరించేవాడు. బూడిదైతే పనికిరాదట. ఆ బొగ్గు నలగ్గొట్టి, డ్రమ్ముల్లో గొడ్ల ఉచ్చా పేడా కలిపి నెల్లాళ్లు నానబెట్టేవాడు. కంపు! మీ నానమ్మ ఆయనకి అన్నం పెరట్లోనే పెట్టేది, పాపం. రెండేళ్లు తన సగంలో వేశాడు. పైరు ఏనుగు తొండమంత కాండంతో లేచింది, అబద్ధమెందుకు చెప్పాలి.

మూడో ఏడు పన్నెండు బస్తాలు గట్టు మీద పెట్టి, "వదినా, ఇది నీ సగానికి. ఉత్తినే" అన్నాడు. ఉత్తినే! ఆ మాటకే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నానింది నానినట్టే వెయ్యి. వట్టి బొగ్గు ఆకలి మీదుంటుంది వదినా, ముందు దానికి మేత పెట్టకపోతే మొక్క తిండి లాగేసుకుంటుంది" అన్నాడు. బొగ్గుకి ఆకలేమిట్రా నీ మొహం అనుకున్నాను. బస్తా మూతి విప్పితే కళ్లు మండాయి. ఇందులో ఏదో కలిపాడు, నా పైరు చస్తే పొలం కారుచౌకగా తనకే వస్తుంది, ఇదీ నా లెక్క. అలాగని బొగ్గు పారేద్దామా అంటే, ఆయన సగం కళ్లెదుట పచ్చగా ఊగుతోందాయె. ఆశా పోదు, అనుమానమూ పోదు. ఏం చేశానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మోటారు దగ్గరికి మోసుకెళ్లి, బియ్యం కడిగినట్టు మూడు నీళ్లు కడిగాను. వాసన పోయేదాకా. ఎండబెట్టి పొలంలో చల్లాను. నా అంత తెలివైనది లేదనుకున్నాను.

మోకాలెత్తు రాగానే పైరు పసుపు ముద్దలా పాలిపోయింది. గట్టుకి అవతల నల్లగా నిగనిగలాడుతోంది. ఇంకేం కావాలి నాకు? ఊళ్లో నలుగురిని గట్టు మీదికి పిలిచి గొంతు చించుకున్నాను. "తనకొక రకం, నాకొక రకం! కళ్లుంటే చూడండి!" మీ తాత కూర్చుని పిడికెడు మట్టి తీశాడు. వాసన చూశాడు. నాలుక మీద పెట్టుకున్నాడు కూడా. "వదినా, దీనికి వాసనే లేదే" అన్నాడు నెమ్మదిగా. నా చేతుల వంక చూశాడు. నెల దాటినా నా గోళ్ల సందుల్లో మసి పోలేదు, కడిగేప్పుడు అంత పట్టింది. కొంగు కింద దాచుకున్నాను. ఆయన లేచి ఆ నలుగురితో, "తప్పు నాదే. సరిగ్గా నానకుండా ఇచ్చాను" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఊళ్లో ఒక్కడూ ఆయన బొగ్గు ముట్టలేదు. గొయ్యి పూడ్చేశాడు. ఆ ఎండాకాలమే గుండె పట్టుకుని కూలిపోయాడు.

మరుసటేడు వేరుకుళ్లు వచ్చింది. ఎవరి పొలంలో మొక్క పట్టుకుని లాగినా ఊడి చేతికొచ్చేది, వేరంతా గోధుమరంగు ముద్ద. మా రెండు సగాలూ నిలబడ్డాయి. ఆయనదీ, నాదీ. నాదీనూ! ఏడాదికి ఆ బొగ్గు ఆకలి తీరినట్టుంది. చెబుదామంటే మనిషేడీ?

నాకర్థం కానిది ఒకటే. తెలిసీ ఎందుకు మీదేసుకున్నాడు? ఏదో లాభం లేకుండా ఎవడైనా చేస్తాడా? ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను ఆ లాభమేంటో. నీకేమైనా చెప్పాడా మీ నాన్న? లేదూ...

అవి బాగా నానాయా? ఉత్తినేనా?

...సరే, గట్టు మీద పెట్టించు. మూతి విప్పకు. కడగనులే. ఆ తలుపు దగ్గరగా వెయ్యి, కోళ్లు లోపలికొస్తున్నాయి.