ఎర్ర గడియారం, పచ్చ గడియారం

తలుపు తియ్యవే! ఒక్కసారి తియ్యి. గడియారాలన్నీ పీకేస్తాను, సరేనా? మేకులతో సహా పీకేస్తాను. ఇంకేం చెయ్యమంటావు నన్ను?

ఆ సూట్‌కేసు జిప్పు చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. నీ బట్టలేనా, పిల్లవి కూడా సర్దుతున్నావా? అది స్కూలు నుంచి వచ్చేసరికి ఇల్లిలా ఉంటే దానికేం చెప్పమంటావు?

మీ అన్నయ్యకి ఫోన్ చేశావు కదూ? విన్నాలే. "వచ్చి నన్ను తీసుకుపో" అన్నావు. ఆయన బయల్దేరే ఉంటాడు. ఆయనొచ్చేలోపు నా గోడు కాస్త విను, ఆ తర్వాత నీ ఇష్టం.

నువ్వన్నది నిజమేనే. గడియారాల కొట్లో కాపురం చేస్తున్నట్టే ఉంది. వంటింట్లో చుక్కాని చక్రం గడియారం. పిల్ల గదిలో దీపస్తంభం గడియారం. బాత్రూంలో గవ్వలు అంటించింది ఒకటి, పళ్ళు తోముకుంటూ టైము చూసుకోవడానికి! మీ అమ్మ ఇచ్చిన అద్దం తీసి బీరువా వెనక పడేసి, ఆ మేకుకి లంగరు గడియారం తగిలించాను. ఒళ్ళు తెలియని పనే. కాదన్నానా?

కానీ ఒక మాట అన్నావు చూడు... "నీ మనసంతా ఓడ మీదే ఉంది, ఎప్పుడు పోదామా అని టైము చూసుకుంటున్నావు" అని. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ఏంటీ? నోర్మూసుకోమంటావా? ఇన్నాళ్ళూ మూసుకునే ఉన్నాను తల్లీ. అందుకే ఇంతదాకా వచ్చింది.

పొద్దున సంగతి చెప్పనీ. హాల్లో గుమ్మానికి అటొకటి ఇటొకటి ఆ జంట గడియారాలు తగిలించాను కదా, ఎర్రంచుది, పచ్చంచుది. నిన్ను పిలిచి చూపించాను, మురిసిపోతావనుకుని. నువ్వు పకపకా నవ్వావు. "అదేంటి, ఎర్రది ఎడమపక్క కదా ఉండాలి? పెళ్ళైన కొత్తలో నా రెండు చేతులకీ రెండు రిబ్బన్లు కట్టి నువ్వేగా నేర్పించావు! తారుమారు చేశావేంటి?" అన్నావు.

అంతే. నాకేం పూనిందో. "ఇంట్లో కూర్చుని తినేదానివి, ఓడ సంగతి నీకేం తెలుసు" అని నోరు పారేసుకున్నాను. గడియారం లాగి గోడకేసి కొట్టాను. నీ మొహం పాలిపోవడం చూస్తూ కూడా ఆగలేకపోయాను.

తారుమారు చెయ్యలేదే నేను. నాకు తెలియలేదు.

వింటున్నావా? అట్టపెట్టెల మీద ఏది ఏదో రాసుంది. విప్పేశాక రెండూ కలిసిపోయాయి. వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాను, కళ్ళద్దాలు తీసి చూశాను. రెండూ ఒకటే మట్టిరంగు. చివరికి ఏదో ఒకటని తగిలించేశాను.

ఏ ఓడకైనా ఎడమపక్క ఎర్రదీపం, కుడిపక్క పచ్చదీపం. చీకట్లో ఎదురొచ్చే ఓడ ఎటు తిరిగుందో ఆ రెండిటిని చూసే చెప్పాలి. చుక్కాని దగ్గర నిలబడి ఇన్నేళ్ళు నేను తిన్న తిండి ఆ రెండు రంగులదే.

ఓడెక్కే ముందు ప్రతిసారీ కళ్ళ పరీక్ష ఉంటుంది కదా, ఈసారీ డాక్టరు చుక్కల పుస్తకం తెరిచాడు. చుక్కల్లో అంకె ఉంటుంది, చదవాలి. ఎప్పుడూ గడగడా చదివేవాణ్ణి. ఈసారి పేజీ నిండా ఒలికిపోయిన పప్పులే కనబడ్డాయి. పాపం, మంచివాడే, గది చీకటి చేసి దీపం పెట్టి ఇంకోసారి అడిగాడు. ఎరుపా, పచ్చా? ఎరుపన్నాను. తప్పట. పచ్చన్నాను. అదీ తప్పే! కళ్ళ వెనక నరం దెబ్బతిందట, ఇక బాగవ్వదట.

సెలవు పొడిగించారని చెప్పాను చూడు, ఓడ రిపేరులో ఉందని? లేదే. ఓడ ఎప్పుడో వెళ్ళిపోయింది. నేను లేకుండానే వెళ్ళింది.

మరి గడియారాలెందుకంటావా? ఓడలో నిద్ర లేవగానే గోడ మీద టైము చూస్తే నా డ్యూటీ ఎప్పుడో తెలిసేది. ఇక్కడ లేస్తే ఎటు నడవాలో తెలియదు. వంటింట్లోకి వస్తే నీ పనికి అడ్డం. హాల్లో కూర్చుంటే పిల్ల చదువుకి అడ్డం. ఏ గోడ మీదైనా ఓడ బొమ్మతో ఓ గడియారం ఉంటే, కాసేపైనా నేను పనున్న మనిషిలా ఉండేవాణ్ణి. అంతకన్నా ఏం లేదు. పిచ్చే అనుకో.

ఏమన్నావు? గట్టిగా చెప్పు, తలుపు అడ్డం కదా... "నాకెందుకు చెప్పలేదు" అనా?

ఎలా చెప్పనే? నేను ఓడెక్కడానికి బయల్దేరిన ప్రతిసారీ గుమ్మంలో నిలబడి ఏడ్చేదానివి. నా చొక్కా పట్టుకుని, వీధిలో అందరూ చూస్తున్నా సరే. ఈ లోకంలో నేను లేకపోతే తోచని మనిషి ఒకరున్నారని ఆ ఒక్కరోజే నమ్మకంగా తెలిసేది నాకు. ఇక ఎక్కడికీ వెళ్ళనంటే, నువ్వింక ఏడవవు కదా? రోజూ కళ్ళముందు పడుండే మొగుడి కోసం ఎవరేడుస్తారు? భయమేసిందే. ఉద్యోగం పోయిందని కాదు, ఒట్టు. నేను నీకు పాతబడిపోతానని.

సరేలే. ఇవాళ వెళ్ళేది నువ్వు, గుమ్మంలో మిగిలేది నేను. నాకు అలవాటు లేని పని. చొక్కా పట్టుకుని ఆపబోయేదానివే, ఎలాగూ ఆపలేనని తెలిసి కూడా... ఆ తర్వాత తలుపేసుకుని లోపలికెళ్ళి ఏం చేసేదానివే? అదొక్కటి చెప్పి వెళ్ళు.