రాణి కుట్టిన చొక్కా

నాలుగు వందల ఏళ్ల నాటి కథతో తీస్తున్న సినిమాకు దుస్తులు కుట్టే గది అది. కిటికీ వెలుగున, పెద్దమ్మా, ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న చెల్లెలి కూతురూ ఒకే బల్లకు చెరోవైపు కూర్చున్నారు.

“ఈ పిల్లాడి చొక్కా నువ్వే కుట్టావా?”

“నేనే, పెద్దమ్మా. మిషను ముట్టలేదు, అంతా చేతికుట్టే. బాగుందా?”

“బాగుంది. అదే వచ్చిన చిక్కు. సినిమాలో దీన్ని కుట్టేదెవరు?”

“అడవిలో దాక్కున్న రాణి, కొడుకు కోసం.”

“పుట్టి బుద్ధెరిగి సూది పట్టని మనిషి! ఆవిడ కుట్టు చీమల బారులా ఇంత తిన్నగా వస్తుందటే?”

“అయ్యో! మధ్యాహ్నమే షూటింగు. నన్ను పనిలో ఉంచుకునేదీ లేనిదీ ఈ చొక్కా చూసి చెప్తానన్నావుగా!”

“అన్నాను. ముందు విప్పి, వంకరగా కుట్టు.”

ఆ పిల్ల దారం తెంపి కుట్టు విప్పింది, మళ్లీ కుట్టింది, మళ్లీ విప్పింది.

“మూడుసార్లు విప్పాను, పెద్దమ్మా. వంకరగా వేద్దామన్నా చెయ్యి తిన్నగానే పోతోంది. ఏడుపొస్తోంది.”

“ఆర్నెల్ల కిందట తిన్నగా రావట్లేదని ఏడ్చావు.”

“వెక్కిరించకు!”

“వెక్కిరింపు కాదే, పిచ్చిదానా. సూది ఎడంచేతిలోకి తీసుకో. రాణిగారి కుట్టు దానంతటదే వస్తుంది.”

“మరి నా ఉద్యోగం?”

“కుడిచెయ్యి భద్రంగా దాచుకో. రేపటినుంచి రాజుగారి నిలువుటంగీ దాని పనే.”