చీటీ గుచ్చిన కార్డు

తలుపు తీయకపోతే మానెయ్ వదినా. నీ ఇల్లు, నీ గడియ. నేను మాత్రం ఈ మెట్టు మీద నుంచి లేవను. ఆదివారం కదా, నాకు మిషను తొక్కే పని లేదు, నీకు ఆఫీసు తుడిచే పని లేదు. ఎంతసేపు బిగదీసుకుని కూర్చుంటావో నేనూ చూస్తాను.

లోపలే ఉన్నావని తెలుసులే. ఇందాక చీపురు చప్పుడు వినిపించింది. నా గొంతు వినగానే ఆపేశావు.

కింది వాటా ఆవిడ అప్పుడే రెండుసార్లు పైకొచ్చి వెళ్ళింది. ఆరేసిన బట్టలు చూసుకోవడానికట! బట్టలు ఎక్కడికి పోతాయమ్మా? మూడు వారాలుగా ఆడపడుచుతో మాట్లాడని వదిన లోపల, గుమ్మంలో దేబిరిస్తున్న ఆడపడుచు బయట. టికెట్టు లేని సినిమా. చూడనీ.

అంతా ఎన్నికలప్పుడు తిరిగిన ఆ సంస్థ వాళ్ళ వల్ల వచ్చింది. కాదా? నా మానాన నేను జాకెట్లకి చేతులు కుట్టుకుంటూ, కాజాలు వేసుకుంటూ ఉండేదాన్ని. ఆ కళ్ళద్దాల అమ్మాయి వచ్చి, పేదరికం పోవాలంటే ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళని మనం నిలదీయాలి అంది. మీ దగ్గరికి బిల్డింగంతా వస్తుంది కదా, మీరు పూనుకుంటే పనవుతుంది ఆంటీ అంది. పొగిడితే నేను పడిపోతానని నీకు తెలుసు. మా అన్నయ్య బతికున్నప్పుడు అదే చెప్పి ఏడిపించేవాడు నన్ను.

స్కూలు గదిలో క్లాసు పెట్టారు. చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం అందరం. ఆ అమ్మాయి బోర్డు మీద రెండు మాటలు రాసింది. 'అడగడం' అని ఒకటి, 'అడుక్కోవడం' అని ఒకటి. రెండోదాన్ని అడ్డంగా కొట్టేసింది. "మనం అడుక్కోం, అడుగుతాం. ఆయన దానం ఇచ్చేవాడు కాదు, జవాబు చెప్పాల్సినవాడు" అంది.

యాభై ఏళ్ళొచ్చాయి, ఆ రెండు మాటల మధ్య అంత దూరం ఉందని నాకెవరూ చెప్పలేదు.

"మరి ఓటు కోసం వాళ్ళు చేసేదేమిటి, అదే కదా అడుక్కోవడం?" అన్నాను. గదంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వుతో నేను చెడిపోయాను. నా అంతటిది లేదనుకున్నాను.

తరవాత కార్డులిచ్చారు. ఇంటికొకటి. 'మా ఇంట్లో లోటు ఇది, మీరు గెలిస్తే ఏం చేస్తారు?' అని. ఎవరి కష్టం వాళ్ళ మాటల్లోనే ఉండాలి, రాయడం రానివాళ్ళకి నేను రాసిపెట్టాలి. పేరు మాత్రం వద్దు, ఇంటి నంబరు అసలే వద్దు అంది ఆ అమ్మాయి. రెండుసార్లు చెప్పింది. అబద్ధమెందుకు, చెప్పింది.

నేను విన్నానా? నా దగ్గరికొచ్చిన గుడ్డకి చీటీ గుచ్చకుండా ఒక్కనాడైనా పక్కన పెట్టానా? ఇంటి నంబరు వేసి, గుండుసూదితో గుచ్చితే కానీ నా చెయ్యి ఊరుకోదు. ఒకరి లంగా ఇంకొకరికి పోతే ఎంత గొడవ! అలాగే గుచ్చేశాను, ప్రతి కార్డుకీ ఒక చీటీ. రేపు జవాబులొస్తే ఎవరిది ఎవరికివ్వాలో తెలియొద్దూ?

నవ్వకు. జవాబులొస్తాయనే అనుకున్నాను.

ఒక్కొక్కరూ మిషను పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పారు. బస్సు డ్రైవరు నడుంనొప్పి గురించి చెప్పాడు. కింది వాటా ఆవిడ, ఇదిగో ఈ బట్టలావిడే, కొడుక్కి పని లేదని చెప్పి, రాశాక మళ్ళీ కొట్టించేసింది. నువ్వు ఆఖర్న వచ్చావు, ఆఫీసు నుంచి సరాసరి, ఆ బూడిద రంగు యూనిఫారం కోటుతోనే. స్టూలు మీద కూడా కూర్చోలేదు. "మాకేం లోటు లేదు, లిఫ్టు బాగుచేయించమని రాయి చాలు" అన్నావు.

అవును, అంతే అన్నావు. ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. అది నాకు తెలుసు, నీకు తెలుసు.

నువ్వు వెళ్ళాక నేను రాసింది వేరు. 'పిల్లకి పెట్టి, నేను ఆఫీసులోనే తినొచ్చానని చెప్పి, మంచినీళ్ళు తాగి పడుకుంటాను. పిల్ల నర్సు చదువు అయ్యేదాకా ఇంతే.' అలా రాశాను. నీ చీటీ గుచ్చాను.

ఎందుకు రాశావు అంటావు. చెప్తాను, దానికోసమే వచ్చాను. ఉండు.

కార్డులన్నీ కట్టగట్టి, పోటీలో ఉన్న ముగ్గురి దగ్గరికీ తీసుకెళ్ళాం. మొదటాయన గేటే తీయించలేదు. రెండో ఆయన తీసుకుని, మా ఎదురుగానే పైనున్న కార్డు మీద టీ గ్లాసు పెట్టి, తాగాక కట్ట తిరిగిచ్చేశాడు. మూడోవాడు పళ్ళాయన. పోస్టర్లలో ముప్ఫై రెండూ కనిపించేలా నవ్వేవాడే, వాడు. లేచి నిలబడి రెండు చేతులతో తీసుకున్నాడు. పైనున్నది చదివి కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగా తడి కనిపించింది వదినా! ఆ కళ్ళద్దాల అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గెలిచేశాం అనుకున్నాం ఇద్దరం.

పైనున్నది నీదే. నేనే పైన పెట్టాను. గుండెకి తగిలేది ముందు ఉండాలి అని క్లాసులో చెప్పారు.

ఇంక పళ్ళాయన మీటింగు పెట్టిన హాల్లో జరిగింది నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ నేనెక్కడ ఉన్నానో నీకు తెలియదుగా. మూడో వరసలో ఉన్నాను. జనం నిండిపోయారు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మైకు కీచుమంటోంది. పళ్ళాయన నీ కార్డు చదివాడు. మొత్తం చదివాడు, ఆగి ఆగి, మంచినీళ్ళు అన్న చోట గొంతు వణికించి మరీ. చదివాక చీటీ చూసి, "మూడో అంతస్తు, పన్నెండో నంబరు ఇంటి తల్లి ఎక్కడున్నా స్టేజీ మీదికి రావాలి" అన్నాడు.

నువ్వు అప్పుడే డ్యూటీ దిగి వచ్చావు, తలుపు దగ్గర నిలబడ్డావు. అందరూ వెనక్కి తిరిగారు. నువ్వు కదల్లేదు. ఇద్దరు మనుషులొచ్చి చెరో భుజం పట్టుకుని నడిపించుకుపోయారు. సరుకుల సంచి నీ చేతుల్లో పెట్టారు. బరువుకి ముందుకి తూలావు. ఫొటోల వాడు "ఇటు చూడమ్మా, కొంచెం నవ్వు" అన్నాడు.

చప్పట్లు కొట్టారు అందరూ. నేను కూడా కొట్టాను వదినా.

ఏం చెయ్యను మరి? పక్కవాళ్ళంతా కొడుతున్నారు. చేతులు వాటంతటవే కొట్టేశాయి. బోర్డు మీద ఆ అమ్మాయి కొట్టేసిన మాట ఉందే, దాన్ని నీ నుదుటి మీద రాసి స్టేజీ ఎక్కించారు. దానికి నేను చప్పట్లు కొట్టాను.

తరవాత ఆ అమ్మాయి రిపోర్టు రాసుకుంది. అభ్యర్థి స్పందించారు అని. పాపం, ఆ అమ్మాయి చెడ్డది కాదు. వచ్చి ఏడ్చింది కూడా. "ఇంటి నంబర్లు ఎలా వెళ్ళాయి ఆంటీ?" అంది. ఏమో నాకేం తెలుసు అన్నాను.

పళ్ళాయన ఓడిపోయాడు, చూశావుగా. అదీ మన రాత. గెలిచింది గేటు తీయనాయన. పోస్టర్లన్నీ వానకి ఊడి కింద కాలవకి అడ్డం పడ్డాయి. లిఫ్టు సంగతి సరేసరి. ఇప్పుడు మూడు మెట్లెక్కి ఆగి, మూడు మెట్లెక్కి ఆగి వచ్చాను.

పోనీ, అదంతా పోనీ. పిల్ల సంగతి చెప్పు.

పిల్ల ఆ ఫొటో, దాని కింద వేసిన కార్డు మాటలు చూసింది. చూసి ముందు నీ దగ్గరికి రాలేదు, నా దగ్గరికి వచ్చింది. నా మేనకోడలు, నా చేతుల్లో పెరిగింది. మిషను పక్కన అదే స్టూలు మీద కూర్చుంది. "అత్తా, అమ్మ తినట్లేదని నీకు ఎప్పట్నుంచి తెలుసు?" అంది.

నేనేమన్నానో తెలుసా? "నాకేం తెలుసే, కార్డు రాసేటప్పుడు మీ అమ్మే చెప్పింది" అన్నాను.

అయిపోయింది. ఆ ఒక్క మాటతో అయిపోయింది. "రోజూ పక్కన పడుకునే నాకు చెప్పలేదు, ఆ పళ్ళాయనకి చెప్పుకుందా?" అంది. ఏడవలేదు కూడా. నువ్వు ఇంట్లో, నేను చెప్పలేదే, ఒట్టు, నేనలా చెప్పలేదే అని మొత్తుకున్నావట. గోడ అవతలి వాళ్ళకి కూడా వినిపించింది. ఎవరు నమ్ముతారు? కార్డు మీద 'నేను' అని ఉందిగా. నమ్మేలా చెప్పగలిగేది నేనొక్కదాన్నే. నేను నోరు మెదపలేదు.

సోమవారం పొద్దున పిల్ల పుస్తకాలు కట్టేసి ప్యాకింగు షెడ్డుకి పోయింది. నువ్వు కడుపు కట్టుకుని లాక్కొచ్చిన చదువు, ఇంకో ఎనిమిది నెలలైతే తెల్లకోటు వేసుకునేది. మొన్న నేను కాలేజీకి వెళ్ళానులే, నీకు చెప్పకుండా. పేరు కొట్టేశారట. వచ్చే ఏడు మళ్ళీ మొదట్నుంచీ చేరితే చూద్దాం అన్నారు. చేరుతుందా అది? ఇవాళ ఆదివారం కూడా డ్యూటీ వేయించుకుంది, నీ మొహం చూడకుండా ఉండడానికి.

కాబట్టి ఇప్పుడు నేను నిజం చెప్పినా ఒరిగేదేం లేదు. అందుకే చెప్పడానికి ధైర్యం వచ్చిందేమో. నేనలాంటిదాన్నే.

మాటలు మానేసిన రోజు తలుపు సందులోంచి ఒక్క మాటే అడిగావు, "నీకెవరు చెప్పారు?" అని. ఎవరూ చెప్పలేదు వదినా. నా కొలతల టేపు చెప్పింది.

ఏడాదికోసారి యూనిఫారం కోటు తెచ్చేదానివి. "కంపెనీ వాళ్ళు పెద్ద సైజు ఇచ్చి చచ్చారు, నడుం దగ్గర కాస్త బిగించు" అనేదానివి. మొదటిసారి నమ్మాను. రెండోసారి? అదే కోటు వదినా. కోటు పెరుగుతుందా? నాలుగుసార్లు బిగించాను, నాలుగేళ్ళు. నా కొలతల పుస్తకంలో నీ పేజీ ఉంది, ఒక్కో ఏడూ ఎంత తగ్గావో అంతా ఉంది. చుట్టుకొలత తీసుకుంటుంటే నీ పక్కటెముకలు నా వేళ్ళకి తగిలేవి. ఆఫీసులో తినొచ్చాను అనేదానివి. ఆ ఆఫీసుకి కర్టెన్లు కుట్టింది నేను కాదూ? తుడిచేవాళ్ళకి అక్కడ కూర్చోవడానికి చోటే లేదు, తిండెక్కడిది?

అన్నీ తెలిసి ఏం చేశాను? "ఊపిరి ఆడుతోందా, బిగుతుగా లేదుగా?" అనేదాన్ని. కోటు గురించి. ఆపైన సూది నోట్లో పెట్టుకుని ఇంకేం మాట్లాడలేనట్టు నటించేదాన్ని. నా పొయ్యి మీద కూర ఉడుకుతూనే ఉండేది. వాసన నీకూ వచ్చేది.

అడిగితే నువ్వు తింటావేమోనని భయం. ఒకరోజు తింటే రెండోరోజు కూడా పిలవాలి కదా అని. నా ఇంట్లో మాత్రం ఏముంది, ముగ్గురికి పెట్టడానికి? ఇదీ లోపలి మాట. అందుకే ముక్కూమొహం తెలియని పెద్దమనుషుల్ని అడగండి అనగానే అంత హుషారుగా కార్డులు పట్టుకుని తిరిగాను. వాళ్ళెవరైనా నీకు పెడితే నేను బతికిపోతాననుకున్నాను.

విన్నావా? లోపల ఏదో కదిలింది. నువ్వా? గాలికి కిటికీ కొట్టుకుందా?

సరేలే.

కింది ఆవిడ మళ్ళీ వస్తోంది, అడుగుల చప్పుడు. నేను వెళ్తాను. నీ కోటు గడియకి తగిలిస్తున్నాను. పోయిన నెల బిగించమని ఇచ్చావుగా. ఈసారి బిగించలేదు. ఉన్న కుట్లన్నీ విప్పేశాను, నాలుగు వరసలూ. విప్పుతుంటే సూది రంధ్రాలన్నీ బయటపడ్డాయి. అవి పోవు. మా అన్నయ్య ఉన్నప్పటి కొలత అది, వేసుకుంటే నీకు సంచిలా వేలాడుతుంది. వేలాడనీ. ఆఫీసులోనో, బస్సులోనో ఎవరో ఒకరు చూసి అడుగుతారేమో, తిన్నావా అని.

ఇంతసేపు వాగాను కదా వదినా. ఇప్పటికీ ఆ మాట నేనడగలేదు, చూశావా.