సిన్మా బండి ఆగిన కాడ

గదేం రూలు సారూ! సిన్మా బోర్డుల బండి నడువొచ్చునట, తొవ్వల ఆగొద్దట! ఎద్దుకు చదువొస్తదా, మీ కాయితం చూసి నడువనీకె? నువ్వు జనగామకు ఆఫీసరై వచ్చి మూడు నెల్లు గాలె, రూళ్లు మాత్రం మూడు సంచులు తెచ్చినవ్.

నేనెవర్నా? లచ్చవ్వను. స్టేషన్ రోడ్డుల పెంకుటిల్లు నాదే. అగో, గదే! నిన్న సిన్మా బండి ఏ ఇంటి ముంగట ఆగిందని పట్టుకొచ్చి, ఎద్దుతోని సహా మీ గేటుకు కట్టేసిన్రో, గా ఇల్లు.

కూసొమ్మంటె కూసుంట. నిలవడ్తె నా మోకాళ్లు రైలింజనోలె కూతపెడ్తయ్.

నిన్న ఏమైందో చెప్త, రాసుకో. పోశాలు తన ఒంటెద్దు బండికి ఇరుపక్కల తడకలు గట్టి, సిన్మా బొమ్మలు అంటిచ్చుకొని వస్తున్నడు. హీరోయిన్ కన్ను ఒక్కొక్కటి చాటంత. ఎద్దు ఆగింది. దానెన్క హన్మకొండ బస్సు ఆగింది. బస్సెన్క లారీ, లారెన్క పెండ్లి బారాత్, బారాతెన్క మీ జీపు. కాజీపేట దాక బండ్లు నిలవడ్డయట! ఆ పెండ్లిపిల్లకు గాడనే ఇద్దరు పిల్లలు పుట్టిన్రంటున్నరు.

తప్పు బస్సు డ్రైవర్ది. రెండు ఏనుగులు పక్కపక్క పోయేటంత సందున్నది. వాడు పోతె గద! హీరోయిన్ దిక్కు నోరు తెరుసుకొని కూసున్నడు. ఇగ మీ జీపు హారన్! గా మోతకు మా ఇంటి పెంకులు నలభై పడ్డయ్. ఎద్దు బిగుసుకపోదా మరి?

అరవై తొమ్మిదిల తెలంగాణ కావాల్నని గదే తొవ్వకు అడ్డంగ పోరగాండ్లు బైఠాయించిన్రు. నేను గూడ కూసున్న, నడిమిట్ల, ఎండకు నెత్తి మీద చాట పెట్టుకొని. అప్పుడు ఏ ఆఫీసరన్న నన్ను గేటుకు కట్టేసిండా? గిప్పుడు ఒక్క ఎద్దు నిలవడ్తె ఇంత పరేషానా?

ఏందంటివి? మీరు రాసుకున్న మూడుసార్లూ నా గుమ్మం ముంగటనే ఎందుకాగిందంటవా?

గీడ చాయ్ దొరుకుతదా సారూ?

సరె, సరె. గట్ల చూడకు, మా అత్త యాదికొస్తున్నది.

ఎద్దు ఒకప్పుడు నాదే. బూరోడు వాని పేరు. పుట్టిన నాడే తల్లి సచ్చింది. గంజిల ఏలు ముంచి నాకిపిచ్చి పెంచిన. మా ముసలాయన పోయినంక గడ్డి మోసేటోళ్లు లేక పోశాలుకిచ్చిన. ఇచ్చినప్పుడు నేను ఏడ్వలె. జర ఏడ్చిన. కాళేశ్వరం కాడ గోదారి రెండు మెట్లు పెరిగిందట, గంతే.

మర్నాడే బూరోడు బోర్డులు మోసుకుంట మా ఇంటి ముంగటికెళ్లి వచ్చిండు. నన్ను చూసి ఆగిండు. ఇంత బెల్లం పెట్టిన. అప్పటిసంది పొద్దటాటకోసారి, మాపటాటకోసారి ఆగవట్టె. పోశాలుకేం తెల్వది పాపం. వాడు కండ్లు మూసుకొని మైకుల ఒర్రుతుంటడు. వాడు కండ్లు తెరిచేవరకు నేను తలుపెన్క ఉంట.

పొద్దున పోశాలు వచ్చి నా గుమ్మంల కూలవడ్డడు. "అవ్వా, పర్మిషన్ రద్దు చేస్తరట. బండి లేకుంటె నలుగురు పిల్లలకే బువ్వ లేదు, ఎద్దుకు మేతెక్కడిది? అంగట్ల అమ్ముడే" అన్నడు. ముసలెద్దును అంగట్ల ఎవలు కొంటరో నీకు తెలుసు, నాకు తెలుసు.

గందుకే వచ్చిన. తప్పు ఎద్దుది గాదు, పోశాలుది గాదు. బస్సు డ్రైవర్ది గూడ గాదు, వానికి ఇంట్ల పెండ్లామే చెప్తది. తప్పు నాది. రాసుకో. పర్మిషన్ మాత్రం తియ్యకు కొడుకా. బండొచ్చే యాళ్లకు తలుపు గొళ్లెం పెట్టుకొని లోపట కూసుంట. వాని మెడల గంట ఇనవడ్తె చెవులల్ల దూది కుక్కుకుంట. రెండ్రోజులు ఆగి చూస్తడు, మూడో రోజు ముంగటికి పోతడు. ఎద్దు గద, మరుస్తడు.

నా మాట మీద నమ్మకం లేదా? ఏలిముద్ర వేసిస్త, తే. గీడనా?

జర ఆగు, కొంగుకు తుడుసుకోనియ్యి. బెల్లం జిగట, కాయితానికి అంటుకుంటది.

నన్నేం జూస్తవ్ సారూ? వాణ్ని తెచ్చి మీ గేటుకు కట్టేసింది నేనా, మీరా?