నోవహు వారం కాగితం

ఉక్రెయిన్ వైపు వొలీనియాలో యూదుల చిన్న ఊరు. ఆ ఊరి మతగురువు రబ్బీ అవిగ్దోర్ పోయి ముప్పై రోజులు నిండిన మర్నాడు, ఆయన రాసిన ప్రసంగాలను అచ్చుకు తీసుకెళ్దామని శిష్యుడు ఫైవిష్ ఆ ఇంటికి వచ్చాడు. గురువుగారి భార్య హిండె వంటింట్లో ముల్లంగి తరుగుతోంది.

“వారానికొకటి చొప్పున ఏడాది పొడుగునా అన్నీ ఉన్నాయి అమ్మగారూ. నోవహు వారానిది, మందిరంలో ఓడ కథ చదివే వారానిది ఒక్కటే లేదు.”

“లేకపోతే లేదు. బండివాడు బయట ఉన్నాడా?”

“ఉంటాడు లెండి. జలప్రళయం లేకుండా పుస్తకం ఎలా వేస్తామమ్మగారూ? ఎక్కడైనా...”

“రొట్టె తింటావా?”

“తినే వచ్చాను. ఆ వారం గురువుగారు ఎప్పుడూ మాట్లాడేవారు కారు. బల్ల దగ్గర కూర్చునేవారు, మమ్మల్ని పాడమనేవారు, మధ్యలో లేచి వెళ్ళిపోయేవారు. కానీ ఒకప్పుడు రాశారనే పెద్దవాళ్ళంటారు.”

“రాశారు.”

“మీ దగ్గరుందా?”

“పస్కా పండక్కి తీసే గిన్నెల పెట్టెలో ఉంది. ఇరవై రెండేళ్ళయింది. నువ్వు అప్పటికింకా రాలేదు. మా గ్నెండల్ చనిపోయిన వారం అది.”

“మీ అమ్మాయి.”

“ఆరేళ్ళది. శుక్రవారం పొద్దున జ్వరం వచ్చింది. మధ్యాహ్నానికి పిల్ల లేదు. ఏం విన్నావు నువ్వు?”

“ఏమీ లేదు. గురువుగారు పక్కగదిలో రాసుకుంటున్నారని...”

“ఆ. రాసుకుంటున్నారు. చావు మైల ఏడు రోజులూ నేలమీద కూర్చుని లేచాక, ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. ఏమీ అనలేదు. ఆ తర్వాతా ఏమీ అనలేదు. ఉప్పు ఇవ్వు, తలుపు వెయ్యి. అంతే, ఇన్నేళ్ళూ.”

“మాకేమో ఎప్పుడూ సంతోషంగా ఉండండనే చెప్పేవారు.”

“మీకు చెప్పేవారులే.”

“మీరు చదవలేదా?”

“అది మీ ప్రార్థనల భాష. నాకు ఇంటి భాష తప్ప ఏమొచ్చు?”

“ఎవరినైనా అడగాల్సింది.”

“ఎవర్ని? ఆయన శిష్యుల్నా? అయినా, ఏం రాశారో నాకు తెలుసు. తెలుసనే అనుకుంటున్నాను. ఇదిగో. నువ్వే చదివి ఇంటి భాషలో చెప్పు.”

“...ఇది ప్రసంగం కాదమ్మగారూ.”

“చదువు.”

“అచ్చుకు పనికిరాదు. నేను మళ్ళీ ఇంకోసారి వచ్చి...”

“ఫైవిష్. చదువు.”

“‘పిల్ల పక్కనుంచి హిండె పిలిచింది. ఈ వాక్యం అయ్యాక లేద్దామనుకున్నాను. మళ్ళీ పిలిచింది. మూడోసారీ పిలిచింది. నేను లేవలేదు. ఇక ఆమె ముఖం చూసి మాట్లాడే అర్హత నాకు లేదు.’ అంతే. కింద సంతకం.”

“మొదటి ముక్క మళ్ళీ చదువు.”

“‘హిండె పిలిచింది.’”

“తర్వాత?”

“‘మళ్ళీ పిలిచింది. మూడోసారీ...’ అమ్మగారూ, కూర్చోండి. ఆ కత్తి ఇలా ఇవ్వండి. ఇంటి భాషలో చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు కాబోలు. క్షమించానని ఒక్కమాట అనండి, పోయిన మనిషికి శాంతి.”

“నేను పిలవలేదు.”

“ఏమిటీ?”

“రాసుకుంటున్నారు కదా అని, ఒక్కసారి కూడా పిలవలేదు ఫైవిష్. పిలవలేదనే నాతో మాట్లాడటం మానేశారనుకున్నాను.”